ఏ మందో తెలియని మరక

అమ్మడూ, నేను నిదానంగా చెబుతాను, నువ్వూ నిదానంగానే రాయి. నాకు చదువు రాదు కాబట్టి తప్పులు పడితే అవి నీవే.

మా వెనక గదిలో నాలుగు అరల ఇనప స్టాండు ఉందా? దానికి మీ నానమ్మ తన చేత్తో నీలం రంగు వేసింది. ఆ రోజు నుంచి అది స్టాండు కాదు, నా సవతి. దాన్ని తుడిచినంత ముద్దుగా నా మొహం ఎప్పుడూ తుడవలేదు.

ఓ రోజు ఆవిడ వాళ్ల అక్కని చూడ్డానికి వెళ్తూ, "దగ్గుమందు మర్చిపోకు. నా స్టాండు జోలికి మాత్రం పోకయ్యా" అంది.

సాయంత్రం ఆవిడ వచ్చేస్తుందనగా చూశాను. కింది అరలో పాత రంగుడబ్బా చుట్టూ నల్లగా, జిగటగా అరచెయ్యంత మరక! పై అరల్లో ఉన్నవన్నీ కాగితాలు ఊడిపోయిన సీసాలు. యాసిడో, ఫినాయిలో, వార్నీషో, ఏది కారిందో ఎవరికి తెలుసు? ఆవిడ వచ్చేలోగా మాయం చెయ్యాలి.

మా బామ్మర్దిని పిలిచాను. వీధంతా వాణ్ణి 'ఉచిత సలహా' అంటుంది.

"ఒరేయ్, అర పోయిందిరా!"

"అరే కదా బావా, ఇంకో అర మిగిలుందిగా!"

"స్టాండులో అరరా వెధవా! ఏదో మందు ఒలికింది."

"మందా? నాకు చెప్పకుండా తెచ్చావా?" అంటూ వంగి వాసన చూడబోయాడు. చొక్కా పట్టి వెనక్కి లాగాను.

ముందు గరుకు కాగితంతో రుద్దాను. మరక కదల్లేదు. పక్కనున్న నీలం కదిలింది. ఇంకాస్త రుద్దితే ఇనుము బయటపడింది, అచ్చం నా నెత్తిలా నున్నగా, బోడిగా.

"అలా కాదు బావా" అని ఉచిత సలహా ఓ చేత్తో బాత్రూమ్ యాసిడ్, ఇంకో చేత్తో బ్లీచింగ్ పట్టుకొచ్చాడు. "రెండూ కలిపి కొట్టామంటే మరక తాత దిగిరావాలి!"

దిగిరావడం మాట దేవుడెరుగు, ఈ తాత పైకి పోయేవాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో మీ నానమ్మ సంచి ధబ్బున పడింది.

"ఆ మూతలు తీశారంటే ఇద్దరూ గోడమీద ఫొటోలవుతారు! ఆ రెండూ కలిస్తే ఊపిరాడదు. నడవండి బయటికి!"

ఉచిత సలహా అటునుంచి అటే జారుకున్నాడు. ఆవిడ కిటికీలన్నీ తీసి, రబ్బరు తొడుగులు వేసుకుంది.

"ఏది ఒలికిందో తెలియనప్పుడు దానిమీద ఇంకోటి పొయ్యకూడదయ్యా. ముందు చూడాలి."

చూసింది. నేనూ గుమ్మంలోంచి చూశాను. మరక చుట్టూ చీమలు పెళ్లిభోజనానికి వచ్చినట్టు బారులు తీరాయి.

"ఏమయ్యా, యాసిడ్ తాగే చీమలుంటాయా?"

"నాకేం తెలుసే?" అన్నాను దగ్గుతూ.

"దగ్గుమందు తాగుతున్నావా?"

"రోజూ చెంచా నింపుతున్నాను."

"నింపుతున్నావు సరే. ఖాళీ ఎక్కడవుతోంది?"

రంగుడబ్బా వైపు చూడకూడదనుకున్నాను. మెడ వినలేదు.

ఆ మందు గొంతు మండిస్తుందని రోజూ అందులోనే ఒంపుతున్నాను మరి. డబ్బా అడుగున చిల్లుందని నాకేం తెలుసు? నా మందుని నేనే గుర్తుపట్టలేకపోయాను. తాగితే కదా గుర్తుండడానికి!

ఆవిడ ముందు కనబడని మూల సబ్బునీళ్లతో తుడిచి, రంగు ఊడట్లేదని చూసుకుంది. తర్వాత మరక మీద తడిగుడ్డ పరిచి కాసేపు ఉంచింది. అది నానిపోయి, మారు మాట్లాడకుండా వచ్చేసింది.

ఇక నాకు పడతాయనుకున్నాను. ఆవిడ నా చేతులు వెలుతుర్లోకి లాగి చూసింది. కళ్లలోకి చూసింది.

"మండుతున్నాయా?"

"లేదు."

"స్టాండుకైతే ఇంకో డబ్బా రంగు దొరుకుతుంది" అంది. ఆ మాట తలుచుకుని నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అయినా ఆ బోడిమచ్చకి రంగు వెయ్యలేదు. దానిమీద నా దగ్గుమందు సీసా పెట్టింది. రోజూ ఎదురుగా కూర్చుని తాగిస్తుంది, నోరు తెరిపించి మరీ చూస్తుంది.

దగ్గు ఎప్పుడో తగ్గిపోయింది, అమ్మడూ. నేను చెప్పలేదు. చెబితే ఆవిడ రోజూ అలా ఎదురుగా కూర్చోదు కదా!

మొన్న చెంచా నోట్లో పెట్టుకుంటే మంట లేదు. ఉత్త తేనె. ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాను.

"ఏం చూస్తావ్? మింగు" అంది.