పదింటికి రావలసిన సంకేతం

ఆదివారం పొద్దున్నే రేడియో మెకానిక్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆసిలోస్కోపు ముందు కూర్చున్నాడు. పదింటికి భార్య పలకరిస్తుంది. పలకరింపంటే మాటలు కావు. ఆమె సరుకుల ఓడలో వైర్‌లెస్ ఆపరేటరు. మీట నొక్కిపట్టి ఐదు నిమిషాలు పరీక్ష సంకేతం పంపుతుంది. ఓడెక్కి ఏడు నెలలైంది. "ఆదివారం మీ దగ్గర్లోంచే వెళ్తాం. ఏ ఫ్రీక్వెన్సీ ఇస్తారో ఆ పూట దాకా నాకూ తెలీదు" అని ఉత్తరం రాసింది.

చిక్కల్లా అక్కడే. రేడియో ముల్లు తిప్పుకుంటూ వెతికితే ఐదు నిమిషాలు ఇట్టే అయిపోతాయి. ఆసిలోస్కోపు అల ఎలా ఊగుతోందో చూపిస్తుందిగానీ, ఎవరు ఎక్కడ పలుకుతున్నారో చెప్పదు. అందుకని నెలరోజులు తంటాలుపడి దానికొక రేకు డబ్బా తగిలించాడు. ఆ డబ్బా ఫ్రీక్వెన్సీలన్నింటినీ ఈ కొసనుంచి ఆ కొసదాకా క్షణంలో చుట్టబెడుతుంది. తెరమీద ఒక్కో స్టేషనూ ఒక్కో మొలకలా లేస్తుంది. ఇక ఆమె ఎక్కడ గొంతు విప్పినా కనబడి తీరాలి.

పదయింది. తెరనిండా గడ్డి. ఇళ్లలోని మోటార్లన్నీ చేసే గోల అది. ఫ్యాను ఆపాడు. గడ్డి కాస్త అణిగి, నడిమధ్య సన్నటి మొలక తలెత్తింది. అతను చటుక్కున లేచాడు. మూడంతస్తులూ దిగి, కింద కొట్టున్న టైలరు గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, నీ మిషను కాసేపు ఆపు. ఈ గోలలో ఆమె మునిగిపోతోంది. కరెంటు లేకపోతే ఇంకా మేలు" అని, వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు.

మిషను రొదలో టైలరుకి అందింది సగమే. అతను ఇంటి ఓనరమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"పిన్నిగారూ, మెకానిక్ వాళ్లావిడ ఓడ మునిగిపోతోందట. కరెంటు ఆపమంటున్నాడు."

"ఓడకీ మన కరెంటుకీ ఏంటయ్యా సంబంధం?"

"ఆఖరి మాటలు వినాలేమో."

ఓనరమ్మ మరో మాట లేకుండా మెయిన్ స్విచ్ దించేసింది.

స్కోపూ, డబ్బా బ్యాటరీ మీద నడిచేవి. గడ్డి కోసేసినట్టు పోయి, మొలక నిటారుగా నిలబడింది. ఐదు నిమిషాలు దాటాయి. పావుగంట దాటింది. అయినా తగ్గలేదు. తన కోసమే ఇంకా మీట వదల్లేదనుకుని అతను కళ్లు తుడుచుకున్నాడు. గుమ్మంలో మూగిన పాతికమందీ ఆ కన్నీళ్లు చూసి సంగతి రూఢి చేసుకున్నారు.

ఓనరమ్మ భుజమ్మీద చెయ్యేసింది. "గుండె దిటవు చేసుకో నాయనా."

"ఇంకా ఉంది పిన్నిగారూ. చూడండి."

"నీకలాగే ఉంటుందిలే" అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుమ్మంలో ఏడుపులు ఒక్క క్షణం ఆగేసరికి లిఫ్టులోంచి దబదబమని చప్పుడు వినిపించింది. నలుగురూ పట్టి తలుపు లాగారు. కరెంటు పోయి అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగిన పెట్టెలోంచి ముందు ఒక సూట్‌కేసు వచ్చింది, తరవాత చెప్పులు, ఆ వెనక మోచేతులమీద పాకుతూ ఓడలో ఉండాల్సిన భార్య. చెమటతో నిలువునా తడిసిపోయింది.

"ఈదుకుంటూ వచ్చావా చెల్లెమ్మా?" అన్నాడు టైలరు.

"అరగంటనుంచి బాదుతున్నాను. ఒక్కరికీ వినపడలేదా?"

ఇంజను చెడి ఓడ మొన్నే రేవులో ఆగిపోయిందట. చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామనుకుందట. మెకానిక్ ఆమెను చూశాడు, తెరను చూశాడు.

"మరి ఇదెవరు?"

ఆమె వంగి ఏరియల్ తీగ పీకేసింది. మొలక చెక్కుచెదరలేదు.

"మీ డబ్బానే. తన గొంతు తనే వింటోంది."

"నువ్వే అనుకుని రెప్ప వెయ్యకుండా చూశాను."

ఆమె కోపం జారిపోయింది. "నేను ఆ గోడవతలే ఉన్నాను" అంది మెల్లగా.

"ఎన్నాళ్లుంటావు?"

"పన్నెండు రోజులు."

"అందులో అరగంట నేనే పోగొట్టాను" అంటూ అతను సూట్‌కేసు అందుకున్నాడు. తడిసిన ఆమె చెయ్యి కూడా పట్టుకుని, ఇక వదల్లేదు.

ఈలోగా టైలరు కొట్లో కుర్రాళ్లు వీధి కొసదాకా కబురు చేరవేసేశారు. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ సాయంత్రం దాకా మునిగిపోయిందనుకున్న భార్యే తలుపు తీసింది.