గోధుమ పడదు

ఆ రోజు ఉదయం నిఘంటువుగారి ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి రైలు ఎక్కాలి, మధ్యాహ్నానికి కాబోయే వియ్యాలవారింటికి చేరాలి, భోంచేయాలి, పెళ్ళి ఖాయం చేసుకోవాలి, సాయంత్రం రైలుకి వెనక్కి రావాలి. అబ్బాయీ అమ్మాయీ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఒకరినొకరు ఎప్పుడో ఇష్టపడిపోయారు. ఇక పెద్దవాళ్ళు చేయాల్సిందల్లా ఎదురెదురుగా కూర్చుని, మాటా మాటా పెరగకుండా లేవడమే.

ఆ మాత్రం పనికే నిఘంటువుగారి భార్యకి రాత్రి నిద్ర పట్టలేదు. కారణం నిఘంటువుగారే. ఆయన ఒక ప్రచురణ సంస్థలో నిఘంటువులు కూర్చి కూర్చి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఎదుటివాళ్ళ నోట ఒక తప్పు మాట వస్తే చాలు, చెయ్యి దానంతటదే జేబులోని ఎర్ర కలం కోసం వెళ్ళేది. పెద్దమ్మాయికి మొదట వచ్చిన సంబంధంలో అవతలివాళ్ళు ముచ్చటపడి కేకు మీద ‘హార్థిక స్వాగతం’ అని రాయించారు. ఈయన చెంచా తీసుకుని, నలుగురూ చూస్తుండగా, ‘థ’లోని చుక్కనీ ఒత్తునీ గోకి ‘ద’ చేసి, ఆ చెంచా నాకి, “ఇప్పుడు హార్దికం” అన్నారు. ఆ సంబంధం ఆ కేకుతోనే సరి.

“ఏవండీ, ఈసారి వాళ్ళు ఏ మాట ఎలా అన్నా మీరు దిద్దకూడదు. మన అబ్బాయి మీద ఒట్టు” అందావిడ, ఆయన జేబులోంచి ఎర్ర కలం తీసేస్తూ.

“మరీ ఘోరంగా అంటే?”

“మింగెయ్యండి.”

“సరే. గోధుమ తప్ప ఏదైనా మింగుతాను” అన్నారాయన దిగులుగా.

ఆ దిగులు కొత్తది. ఆయన పేగులకి గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడదని డాక్టరు ఈమధ్యే తేల్చాడు. ఆ కబురు విన్న సాయంత్రం నిఘంటువుగారు బాధపడింది జబ్బుకి కాదు, దానికి సరైన తెలుగు మాట దొరకనందుకు. ‘జిగురు’ అనుకుని చూశారు. జిగురు పడదంటే జనం తనకి కవర్లు అంటించడం చేతకాదనుకుంటారని వదిలేశారు. చివరికి సూటిగా ‘గోధుమ’ అనడమే మేలని తీర్మానించారు. బయలుదేరే ముందు భార్య ఫోన్ అందుకోగానే పక్కనే నిలబడి, “గ్లూటెన్ అనకు, వాళ్ళకి అర్థం కాదు. శుభ్రంగా గోధుమ అను” అని హెచ్చరించారు.

ఆవిడ శుభ్రంగానే అంది. “వదినగారూ, బయలుదేరుతున్నాం. ముందే చెప్పాల్సింది, మా ఆయనకి గోధుమ పడదండీ.”

అటువైపు పిల్ల తల్లి ఆ మాటే తిరిగి అడిగింది. “గోధుమ... పడదా?”

“అస్సలు పడదు. కాస్త తగిలినా రెండు రోజులు మనిషి కాలేరు. ఏమనుకోకండి, ఇవాళ మధ్యాహ్నం గోధుమ లేకుండా చూస్తే చాలు.”

“అలాగే వదినగారూ. చూస్తాం” అంది అవతలి గొంతు. ఎందుకో అందులో ఉత్సాహం లేదు.

ఎందుకంటే ఆ ఇంట్లో గోధుమ అనేది ఒక కుక్క. ఒంటి రంగుని బట్టి పిల్ల నాయనమ్మ పెట్టిన పేరది. ఆ పేరు పెట్టిన నాటినుంచి ఆ ఇంట్లో గోధుమపిండిని ఒట్టి ‘పిండి’ అనడం అలవాటైపోయింది. లేకపోతే డబ్బాలోంచి గోధుమ తీసుకురమ్మన్నప్పుడల్లా కుక్క తోకాడిస్తూ వచ్చేసేది. కాబట్టి ఫోన్ పెట్టేసిన పిల్ల తల్లికి ఇంకో అర్థం తట్టే అవకాశమే లేదు. ఆ వియ్యంకుడికి కుక్క పడదు, అంతే. నాయనమ్మ కాసేపు ముఖం ముడుచుకుని, తర్వాత కళ్ళొత్తుకుని, మనవరాలి పెళ్ళి కదా అని మనసు రాయి చేసుకుంది. పక్కవీధి లాండ్రీ ఆయన వచ్చి, రానని మొండికేసిన గోధుమని భుజాన వేసుకుని మోసుకుపోయాడు.

రైల్లో నిఘంటువుగారికి ఆకలి దంచేసింది. తినుబండారాల బుట్టతో వచ్చినవాణ్ణి ఆపి, “వీటిలో గోధుమ ఉందా?” అని అడిగారు.

“ఛ ఛ, ఒక్క గింజ కూడా లేదు సార్. అంతా మైదా.”

మైదా ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పడానికి నిఘంటువుగారు ఊపిరి పీల్చారు. భార్య ఆయన చేతిలో అరటిపండు పెట్టింది. అది తిన్నారు, తర్వాత ఇంకొకటి తిన్నారు, స్టేషన్లో దిగేసరికి ఆయనకి అరటిపండు మొహం చూడబుద్ధి కాకుండా అయింది.

పిల్ల తండ్రి గడియారాలు బాగుచేస్తాడు. ముందుగదిలో గోడనిండా రిపేరుకొచ్చిన గడియారాలే, ఒక్కొక్కటి ఒక్కో టైము చూపిస్తున్నాయి. మర్యాదల్లో ఏ లోటూ లేదు గానీ, అందరి ముఖాల్లోనూ ఏదో దిగులు కనిపిస్తోంది. పిల్లలిద్దరూ తర్వాతి రైలుకి వస్తున్నారన్నారు.

“ఇలా సోఫాలో కూర్చోండి బావగారూ. బాగా దులిపేశాం. అది ఎప్పుడూ ఇక్కడే పడుకునేది” అన్నాడు గడియారాలాయన.

“ఏది?”

“గోధుమండీ.”

నిఘంటువుగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆయన ఎరిగినంతలో గోధుమ మొలకెత్తుతుంది, ముక్కిపోతుంది, ధర పెరుగుతుంది. పడుకోవడం ఎక్కడా వినలేదు. నోటిదాకా వచ్చిన మాటని ఒట్టు గుర్తొచ్చి మింగేశారు. మనిషికీ మనిషికీ మాట తేడా ఉంటుంది, వీళ్ళవైపు నిల్వ ఉంచడాన్ని పడుకోవడం అంటారు కాబోలు అనుకుని లోలోపల సంబరపడ్డారు కూడా.

“పాపం, వెళ్ళనని ఎంత గోల చేసిందో! లాండ్రీ అబ్బాయి మోసుకెళ్ళాల్సొచ్చింది” అంది నాయనమ్మ.

“బరువుంటుంది కదండీ” అన్నారు నిఘంటువుగారు సానుభూతిగా.

“ఈమధ్య మరీ ఒళ్ళు చేసింది.”

“తేమ తగిలితే అంతేనండీ, ఉబ్బుతుంది. పురుగు పట్టలేదు కదా?”

“అయ్యో, ఎందుకు పడుతుంది? నెలనెలా మందు వేస్తాం!” అంది నాయనమ్మ నొచ్చుకుంటూ.

భోజనాల బల్ల మీద వేడివేడి సూపు, కాల్చిన బంగాళాదుంపలు, బుట్టనిండా అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలు ఉన్నాయి. నిఘంటువుగారి కడుపు మూలిగింది. అయినా జాగ్రత్తపడి, “చెల్లెమ్మా, ఈ బల్ల మీద ఎక్కడా గోధుమ లేదు కదా?” అని అడిగారు.

పిల్ల తల్లి ముఖం ఎర్రబడింది. “మేం ఎప్పుడూ బల్ల మీదకి ఎక్కనివ్వం అన్నయ్యగారూ!”

“మరి ఈ రొట్టెలు?”

“ఒట్టి పిండితో చేసినవేనండీ.”

పిండి అంటే నిఘంటువుగారి లెక్కలో ఏ ధాన్యానిదైనా పిండే. ఏ బియ్యప్పిండో అయి ఉంటుంది, ఎంత శ్రద్ధ వీళ్ళకి అని ఆయన మనసు కరిగిపోయింది. ఆయన భార్య చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. ఈలోగా వియ్యాలవారి దిగులు పోగొట్టడం తన బాధ్యత అనుకున్నారు నిఘంటువుగారు. తనవల్ల వాళ్ళు ఇవాళ గోధుమ లేకుండా తింటున్నారు మరి.

“నా మూలంగా మీరంతా ఇబ్బంది పడకూడదు. నాకు పడదు గానీ మీరు శుభ్రంగా తినండి” అన్నారు.

“ఏం తినాలండీ?” అన్నాడు గడియారాలాయన.

“గోధుమనే. మా ఇంట్లో ఇదివరకు రోజూ అదే. ఎండలో పడేసి, రాళ్ళేరి, మరలో వేయించేవాళ్ళం. నాకు మెత్తగా ఉండాలి, మా ఆవిడకి కాస్త బరకగా ఇష్టం.”

నాయనమ్మ చేతిలో చెంచా సూపులో మునిగిపోయింది. “మరలోనా?”

“ఇంట్లో తిరగట్లో విసిరితే ఎక్కడ నలుగుతుందండీ! మా అబ్బాయికైతే గోధుమంటే ప్రాణం. ఇంట్లో మానేశామని బయట ఎక్కడ కనిపిస్తే అక్కడ తినేస్తున్నాడు. పెళ్ళయ్యాక మీ అమ్మాయి రోజూ చేసి పెడుతుందని మహా ఆశపడుతున్నాడు.”

గోడ మీద ఒక గడియారం, తన టైము కాకపోయినా, టంగుమంది. పిల్ల తల్లి లేచి వంటింట్లోకి వెళ్ళింది. వెనకే ఆవిడ భర్తా వెళ్ళాడు. మిగిలిన నాయనమ్మ, నిఘంటువుగారి పళ్ళవంక అదేపనిగా చూస్తూ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

“విన్నారా?” అంటోంది వంటింట్లో పిల్ల తల్లి.

“ఆగవే. ఆయన మాటల్లో పండితుడు. వాళ్ళవైపు కుక్కలన్నిటినీ గోధుమలనే అంటారేమో” అన్నాడు గడియారాలాయన, న్యాయంగా ఆలోచించడానికి ప్రయత్నిస్తూ.

“ఏమంటే ఏమిటి, మరలో వేస్తారటండీ! ఇలాంటి మనుషుల ఇంటికి నా పిల్లని పంపను. ఈ సంబంధం వద్దు, వద్దంతే!”

ఈ చివరి మాటలే, చేతులు తుడుచుకుంటూ వస్తున్న నిఘంటువుగారి భార్య చెవిన పడ్డాయి. రైలెక్కే ముందు కొడుకు ఫోన్ చేసి, “అమ్మా, ఇంకేం అడగను, ఇది ఒక్కటీ చెడకుండా చూడు” అన్నాడు. ఆవిడ సరాసరి వచ్చి మొగుణ్ణి రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది.

“ఏం దిద్దారు?”

“ఏమీ దిద్దలేదే!”

“అబద్ధం. ఒత్తా, దీర్ఘమా?”

“వాడి మీద ఒట్టు, ఒక్క సున్నా కూడా దిద్దలేదు. అక్కడికీ గోధుమ పడుకుందన్నారు, ఒళ్ళు చేసిందన్నారు, గోల చేసిందన్నారు. అన్నీ మింగాను!”

“మరి సంబంధం వద్దని ఎందుకంటున్నారండీ?” అందావిడ.

నిఘంటువుగారికి నిజంగా భయమేసింది. ఆయన జీవితంలో నోరు తెరిచి చెడగొట్టినవి ఉన్నాయిగానీ, నోరు మూసుకుని చెడగొట్టింది ఇదే మొదలు. కొడుకు ముఖం గుర్తొచ్చింది. మొహమాటపడి సరిగా తినలేదని నొచ్చుకున్నారేమో అనుకున్నారు. గబగబా వెళ్ళి కూర్చుని, బుట్టలో అన్నిటికంటే పెద్ద రొట్టె తీసుకుని, నాయనమ్మ వంక ఆప్యాయంగా నవ్వుతూ నోటిదాకా తెచ్చారు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని అబ్బాయీ అమ్మాయీ లోపలికొచ్చారు.

“నాన్నా, ఆగు! అది గోధుమ!” అని అరిచాడు అబ్బాయి.

నాయనమ్మ చటుక్కున వంగి బల్ల కిందకి చూసింది. వంటింట్లోంచి పరుగున వచ్చిన గడియారాలాయన సోఫా వెనక చూశాడు. పిల్ల తల్లి, “ఏదీ, ఎక్కడ? తిరిగొచ్చేసిందా?” అంటూ వీధి గుమ్మంలోకి పరుగెత్తింది. నిఘంటువుగారు మాత్రం రొట్టెని గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

“అదేమిటి, గోధుమ ఏది?” అంది అమ్మాయి, ఎప్పుడూ గుమ్మంలోనే మీదపడే కుక్క కనిపించక.

అంతే, నాయనమ్మ కట్ట తెంచుకుంది. “మీ మావగారికి పడదటే! లాండ్రీకి పంపేశాం. వాళ్ళింట్లో దాన్ని ఎండబెట్టి మరలో వేస్తారటే తల్లీ! ఈ కుర్రాడు ఎక్కడ కనిపిస్తే అక్కడ తినేస్తాడట!”

అమ్మాయి అబ్బాయి వంక చూసింది. అబ్బాయి రొట్టె వంక చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే వెలిగింది. తర్వాత అమ్మాయి నేలమీద చతికిలబడి నవ్వుతూ మధ్యమధ్య చెప్పుకొచ్చిన వివరం అందరికీ అందడానికి కొంత సమయం పట్టింది. అందాక గడియారాలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పిల్ల తల్లి, “అయ్యయ్యో, అయితే ఈ రొట్టెలన్నీ గోధుమేనా! ఇంకాస్తలో మనిషిని చంపేసేదాన్ని కదండీ!” అని బుట్ట లాగేసుకుని లెంపలు వేసుకుంది. నిఘంటువుగారి భార్య ఆవిణ్ణి వాటేసుకుని నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. నిఘంటువుగారు ఆకలికి తట్టుకోలేక బంగాళాదుంపలు మొత్తం ఖాళీ చేశారు.

అమ్మాయి వెళ్ళి లాండ్రీ నుంచి గోధుమని తీసుకొచ్చింది. ఇస్త్రీ బట్టల మధ్య గడిపి వచ్చిందేమో, ఒళ్ళంతా సబ్బు వాసనేస్తోంది.

“అమ్మా, ఇంకా నీకేమైనా సందేహం ఉందా?” అని అడిగాడు గడియారాలాయన, తల్లి మాటే ఆ ఇంట్లో ఆఖరు మాట కాబట్టి.

“నాకేం తెలుసురా, దాన్ని చూడనీ” అంది నాయనమ్మ.

గోధుమ తాపీగా గదంతా తిరిగింది. నిఘంటువుగారి భార్య చెయ్యి వాసన చూసి నాకింది. అబ్బాయి దగ్గరికి వెళ్ళి, చుట్టూ ఒకసారి తిరిగి, అతని బూట్ల మీద గడ్డం ఆనించి పడుకుంది. నాయనమ్మ ముఖం విప్పారింది. “ఇంకేం, ముహూర్తం పెట్టుకోండి” అంది. అబ్బాయి గుండెల మీద చెయ్యేసుకున్నాడు, అమ్మాయి నాయనమ్మ బుగ్గ మీద ముద్దుపెట్టింది.

నిఘంటువుగారికి ప్రాణం లేచొచ్చింది. ఇంత గొడవకీ మూలం తన మాటే కాబట్టి రాజీ కూడా తనే మొదలుపెట్టాలనుకున్నారు. ముందుకు వంగి, చెయ్యి చాపి, స్పష్టమైన ఉచ్చారణతో, “గోధుమా, ఇలా రా” అన్నారు.

గోధుమ తల ఎత్తింది. ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. చెవులు వెనక్కి విరిచి, పళ్ళన్నీ బయటపెట్టి గుర్రుమంది. ఆయన సోఫా మీదకి ఎక్కి నిలబడేదాకా ఊరుకోలేదు.

నాయనమ్మ దాని మెడపట్టీ పట్టుకుని, ఎంత ఆపుకున్నా ఆగని సంతోషంతో, “ఏమనుకోకండి బాబూ. మా గోధుమకి మీరు పడరు” అంది.

సోఫా మీంచి నిఘంటువుగారు అలవాటుకొద్దీ నోరు తెరిచారు గానీ, ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ కనిపించలేదు.