బొంత కింది అత్తగారు

గుణదల కొండ పక్క సందులో ఖాసింబీ ఆ రోజు పెందలాడే లేచి, గది ఊడ్చి, ఉతికిన చీర కట్టుకుంది. భర్త పోయిన నాటి నుంచి వితంతు పింఛను కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు. ఒక చోట ఒక కాగితం తెచ్చిస్తే, ఇంకో చోట ఇంకొకటి అడిగేవారు. ఇప్పుడు ప్రభుత్వం పద్ధతి సులువు చేసిందట. కాగితాలేమీ అక్కర్లేదు, ఆఫీసరే ఇంటికి వచ్చి కళ్ళారా చూసి రాసుకుపోతాడట. మధ్యాహ్నం ఆయన వచ్చినప్పుడు వినయంగా నిలబడి, అడిగినదానికి నిజం చెప్పాలనుకుంది.

పొద్దెక్కకముందే సందు మొదట్లో జీపు ఆగింది. సరిగ్గా అప్పుడే ఖాసింబీ చూపు మూలనున్న పెద్ద కలర్ టీవీ మీద పడింది. అది ఆమెది కాదు. పక్కింటి రావమ్మ ఇంటికి సున్నం కొట్టిస్తూ, పాడవకుండా ఇక్కడ తెచ్చి పెట్టింది.

"అక్కా! నీ టీవీ నా కొంప ముంచేట్టుంది!"

రావమ్మ పరిగెత్తుకొచ్చింది. "మాదని చెబితే నమ్ముతారా ఏంటి? వెనక వీధి అమలమ్మకి ఫ్యానుందని పింఛను కొట్టేశారు. పట్టు, ఆ పక్క పట్టు!"

ఇద్దరూ రొప్పుతూ టీవీని మంచం మీదికి చేర్చి, పైన బొంత కప్పారో లేదో, ఆఫీసరు రామకోటేశ్వరరావు కళ్ళజోడు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"నేనొక్కదాన్నేనండీ."

"మరి మంచం మీద?"

ఖాసింబీ రావమ్మ వైపు చూసింది. "వాళ్ళ అత్తగారండీ. నిన్ననే ఇక్కడికొచ్చేశారు. జ్వరం," అంది రావమ్మ. ఆ అత్తగారు ఖాసింబీ పెళ్ళికి ముందే కాలం చేసింది.

"పాపం, మరీ ముడుచుకుపోయారు."

"ఎముకలేనండీ."

"అయితే పింఛను ఈవిడకే రాద్దాం. కొత్త పద్ధతిలో ఇంటికి ఒక్కటే, పెద్దవాళ్ళకే ముందు. వేలిముద్ర వేయించండి."

ఖాసింబీ చేతులు అడ్డంగా ఊపింది. ఇన్నేళ్ళ తిరుగుడూ టీవీ పాలు కాబోతోంది. "వద్దండీ, ఆవిడకి పింఛనంటే గిట్టదండీ!"

"ప్రభుత్వం ఇస్తుంటే గిట్టకపోవడమేంటమ్మా? లేపండి," అంటూ ఆయన సిరా పెట్టె తెరిచి మంచం దగ్గరకు నడిచాడు. రావమ్మ ఆయనకు అడ్డంపడి, బొంత కింద చెయ్యి పెట్టి చూసి, గొల్లుమంది.

"ఇంకెక్కడి వేలిముద్రండీ! ఒళ్ళు చల్లగా అయిపోయింది!"

ఆ ఒక్క మాటలో మాత్రం అబద్ధం లేదు.

ఆఫీసరు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఏడుపు విని సందంతా గుమ్మంలో మూగింది. ఆ సందుకు పెద్ద దిక్కయిన మహమ్మద్ ముందుకొచ్చి ఖాసింబీ తల నిమిరాడు. అత్తగారు ఎప్పుడొచ్చిందని కూడా అడగలేదు.

"ఏడవకు బిడ్డా. పాడె కోసం మసీదుకి మనిషిని పంపాను. స్నానం చేయించే ఆడాళ్ళు కూడా వస్తున్నారు."

ఆఫీసరుతో ఆడిన అబద్ధం వేరు, ఇప్పుడు వ్యవహారం అల్లా దాకా వెళ్ళింది. పింఛను పోతే పోయిందని ఖాసింబీ బొంత లాగి పారేసింది. నల్లటి తెర మీద అందరి మొహాలూ నోళ్ళు తెరుచుకుని కనిపించాయి.

"అత్తగారూ లేదు, జ్వరమూ లేదు. ఈ టీవీ రావమ్మక్కదండీ. మీరు చూస్తే నా పింఛను పోతుందని భయపడి..."

ఆఫీసరు టీవీ పక్కనే చతికిలబడ్డాడు. "దీనికోసమా ఇంత గోల? టీవీలూ ఫ్యాన్లూ చూసే నిబంధన పోయిన నెలే ఎత్తేశారమ్మా! పద్ధతి సులువు చేశామని చెప్పలేదా మీకు?"

ఖాసింబీ వేలిముద్ర అక్కడే తీసుకుని, పింఛను ఖాయమని చెప్పి, ఆయన చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. ఆయన జీపు కదులుతుంటే పాడె సందులోకి వచ్చింది.

పరామర్శకు వచ్చినవాళ్ళను ఊరికే పంపకూడదు కనుక ఖాసింబీ అందరికీ టీ పోసింది, దాంతో ఇంకా రాని మొదటి నెల పింఛను కాస్తా అయిపోయింది.