చిల్లులు పడని పొర

శుక్రవారం పొద్దున్న నిరంజన్ పెట్టుకున్నది ఒక్కటే పని. అద్దం ముక్కల మీద ప్లాస్టిక్ ద్రావణం పోసి, వెంట్రుకలో వెయ్యో వంతు మందాన పొరలు చెయ్యాలి. సోమవారం వేడిచేసినప్పుడు ఎవరి పొర చిల్లులు పడకుండా నిలిస్తే వాళ్లను రమణమూర్తి సారు విమానంలో బెంగళూరు సైన్సు సభకు తీసుకెళతారు.

టెక్కలి కాలేజీ ల్యాబులో మూడు నెలలుగా నిరంజన్ పొరలు జల్లెడలవుతున్నాయి. పక్క బల్ల జగదీష్ పొరలు నున్నగా నిలుస్తున్నాయి. పోనీ వాడేమన్నా కష్టజీవా? శుక్రవారం పొరలు చేసి బీరువాలో పడేసి, పలాసలో అత్తారింటికి చెక్కేసి, సోమవారం తీరిగ్గా వేడిచేస్తాడు. నిరంజనేమో చేసిన గంటకే వేడిచేస్తాడు. కడుపు మండదూ మరి.

"ఏటి బావా ఆ డబ్బాలో?" అన్నాడు, బయల్దేరుతున్న జగదీష్‌తో.

"ఏటీ నేదు. మాయత్త జీడిపప్పు పెడతాది."

ఖాళీ డబ్బాను అంత భద్రంగా పట్టుకుంటారా? అత్త నూకమ్మ ఇంట్లో జీడిపప్పు ఆరబెట్టే వేడి గది ఉంది. గుట్టంతా అక్కడేనని నిరంజన్ తేల్చేసుకున్నాడు. రెండు పొరలు రుమాల్లో చుట్టి, మిగతావి బీరువాలో వదిలేసి, శనివారం పలాస బస్సెక్కాడు.

"మీ అల్లుడు ఇక్కడ ఏటి ఆరబెడతాడమ్మా?"

"ఆడా? తిని తొంగుంటాడు బాబూ," అంది నూకమ్మ.

అల్లుడి గుట్టు అత్త చెబుతుందా? ఆవిడ అటు తిరగగానే నిరంజన్ తన అద్దాలను పప్పు ట్రేలో దూర్చాడు. ఆవిడ వచ్చి ట్రే లాగినప్పుడు రెండూ భళ్లున పగిలాయి.

"పప్పులో గాజు పెంకులుంటే ఎవులు తింతారు? కూసో, ఏరు," అంది నూకమ్మ.

ఆదివారం సాయంత్రం దాకా ఏరుతూనే ఉన్నాడు. అది చూసిన జగదీష్‌కు గుండెల్లో రాయి పడింది. వీడు వేడి గదిలో ఏదో కొత్త కిటుకు పట్టేశాడనుకున్నాడు. ఆ అసూయతో సోమవారం తెల్లారకముందే టెక్కలి చేరి, పాత పొరలు ఇక చాలవని పారేసి, కొత్తవి చేసి, చేసినవి చేసినట్టే వేడిచేశాడు. అన్నీ జల్లెడలయ్యాయి.

నిరంజన్ ఆశ వదులుకుని బీరువాలోవి తీసి వేడిచేశాడు. ఒక్క చిల్లూ లేదు.

"తొందరగా ఆరిన పొర లోపల బిగుసుకుపోయుంటాదయ్యా. రెండ్రోజులు వదిలేత్తే సడల్తాది. అప్పుడు నిలబడతాది," అన్నారు సారు మెచ్చుకోలుగా. "అది తెలిసే ఆగేవా?"

"అవును సార్," అన్నాడు నిరంజన్, జగదీష్ వైపు చూడకుండా.

విమానంలో కిటికీ పక్క సీటు సారుకు వచ్చింది. బెంగళూరు దాకా నిరంజన్‌కు సారును చూస్తే ఒళ్లు మండిపోయింది.