చుక్క పెట్రోల్ ముట్టని బండి

చలికాలం పొద్దున్నే స్టార్ట్ కాని బండి లేనివాడు దురదృష్టవంతుడు! నవ్వకండి. నేను బేకరీ వ్యాన్ డ్రైవర్ని. అనుభవించి చెబుతున్నాను.

మా ఓనరు కొన్న కొత్త వ్యాన్ ఆల్కహాల్‌తో నడుస్తుంది. ఎండలో గుర్రం. చలిలో కొత్తల్లుడు! ఎంత బతిమాలినా లేవదు. చలికి ఆల్కహాల్ సరిగ్గా ఆవిరి కాదట, ఆవిరి కాకపోతే అంటుకోదట. అందుకే కంపెనీవాళ్లు పక్కన చిన్న పెట్రోల్ డబ్బా కూడా పెట్టిచ్చారు. స్టార్టింగ్‌కి అందులోంచి కాస్త పడితే చాలు.

ఆ డబ్బా మా ఓనరు నింపనివ్వడు. ఎలా నింపనిస్తాడు? వ్యాన్‌కి రెండు వైపులా "చుక్క పెట్రోల్ ముట్టని బండి" అని పెద్దక్షరాలతో రాయించుకున్నాడు కదా! ఆయన నిష్ఠ ముందు నా తిప్పలెంత?

లాభాలు చూడండి. వ్యాన్ ఉండేది మా ఇంటి ముందే. ఇంజను మీద పొయ్యడానికి వేన్నీళ్లు కాచీ కాచీ మా ఆవిడకి పెందలాడే లేవడం అలవాటైంది. నా దుప్పటి బానెట్ కప్పుకోవడంతో నా బద్ధకం వదిలింది. ఒకరి మొహం ఒకరు చూసుకోని వీధివాళ్లంతా కలిసి బండి తోస్తున్నారు. ఐకమత్యమంటే ఇంకేమిటి? నన్ను తిట్టడంలోనూ ఒకటే గొంతు!

"తాగి పడుకున్న మొగుణ్ణి లేపడం ఇంతకన్నా సులువండీ" అంటుంది మా ఆవిడ. ఆవిడకి సైన్సు తెలీదు.

ఆసుపత్రి క్యాంటీన్‌కి బ్రెడ్డు లేటవుతోందా? అయితేనేం? రోగులు పథ్యం ఉన్నట్టవుతుంది! ఈ వైద్యం అర్థంకాక క్యాంటీన్‌వాళ్లు ఓనరుకి ఫోన్ కొట్టారు.

"ఇంకొక్కసారి లేటైతే తాళాలు మా బావమరిదికిచ్చేస్తా" అన్నాడాయన.

"డబ్బాలో కాస్త పెట్రోల్ పోయించండి సార్."

"బండి మీద రాసింది కనబళ్లేదా? అసలెంతవరకు చదివావోయ్ నువ్వు?"

మొన్న ఎంత తోసినా బండి లేవలేదు. ఓనరు బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎప్పుడు? ఆ బావమరిదిగారు నిద్రలేచి, కాఫీ తాగి, తల దువ్వుకుని, ఎండ చుర్రుమనే వేళకి. తాళం తిప్పాడు. ఒక్క దెబ్బకి స్టార్ట్!

"చూశావా? రోగం బండికి కాదు, నీకు" అన్నాడు ఓనరు.

"ఇలాంటివాణ్ణి ఇన్నాళ్లెలా భరించావు బావా!" అన్నాడు బావమరిది.

నా ఉద్యోగం అక్కడితో సరి. ఆ సాయంత్రమే ఓనరు క్యాంటీన్‌కి ఫోన్ చేశాడట: "మా బావమరిదికి చలి పడదండీ, ఇకనుంచి బ్రెడ్డు ముందురోజు సాయంత్రమే పంపించేస్తాం." దానికేం, పంపించండి అన్నారట వాళ్లు!

చలి వెయ్యడానిక్కూడా చుట్టరికం ఉండాలి కాబోలు.