తాకట్టుపడ్డ గొంతు

నవంబరులో, కొత్త వైను పీపాలు తెరిచే పునీత మార్టిను పండుగనాటి ఉదయం బెలర్మీను వేసుకున్న పథకం చాలా చిన్నది. వాన పడుతున్నది గనుక పెద్ద నల్లగొడుగు పుచ్చుకొని బావమరిది సిల్వేరియు పీపాలగదికి వెళ్లడం, అయిదు ఇళ్లవారి కొత్త వైను రుచి చూడడం, తీర్పు చెప్పి మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరడం. పన్నెండేళ్లుగా చేస్తున్న పనే. ఈ ఏడు మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది: అతని గొంతు తాకట్టులో ఉన్నది.

తాకట్టు పెట్టినది భార్య ఫెలిష్మీనా. మూడేళ్లుగా కుడి మోకాలు పీడిస్తుండగా ఆమె కీళ్లను కాచే పునీత అమారుకు మైనపు కాలు సమర్పించింది. ఆయన చలించలేదు. అప్పుడు, నొప్పి తీరితే జనవరిలో ఆయన పండుగ వచ్చేదాకా తన భర్త గొంతులో చుక్క వైను దిగదని మొక్కుకున్నది. పునీతుడు వారంలో కరిగిపోయాడు.

"నీ మోకాలికి నా గొంతెందుకే మొక్కడం?" అని బెలర్మీను అప్పుడే మొత్తుకున్నాడు.

"వదులుకోడానికి మనింట్లో ఇంతకన్నా విలువైంది ఇంకేముందయ్యా? ఒక్క చుక్క దిగిందో, ఆయన మోకాలు వెనక్కి లాక్కుంటాడు. ఆ తర్వాత నన్ను మోసేది నువ్వే!"

ఆమెను మోయగలడో లేడో గాని, ఆమె మెట్టు మెట్టుకూ గోడ పట్టుకొని, పెదవి కొరుక్కుంటూ ఎక్కిన రోజులను బెలర్మీను మరచిపోలేదు. అందుచేత చుక్క దిగరాదు. అలాగని గిన్నె వద్దంటే ఆ ఇంటి వైను పులిసిపోయిందని ఊరంతా అనుకుంటుంది. నిజం చెబుదామా అంటే, లీమా లోయలోనే గట్టి గొంతుగా పేరు పడినవాడిని ఆలు తాకట్టు పెట్టిందని తెలిశాక తలెత్తుకొని తిరగడమెలా? దారి పొడవునా ధర్మసూక్ష్మం వెదికి వెదికి, మొక్కులో ఉన్నది గొంతే గాని నాలుక కాదని తేల్చుకున్నాడు.

ముందు తెల్ల వైను వచ్చింది. సిల్వేరియు తెల్లని పింగాణీ గిన్నెలో అడుగు మునిగేంత పోశాడు. లేత గడ్డిరంగు, నిమ్మపూవుల వాసన, నాలుక మీద సన్నని చిమచిమ. బెలర్మీను కళ్లు మూసుకొని దాని గుణదోషాలన్నీ మనసున పట్టుకున్నాడు. తరువాత దగ్గు వచ్చినట్టు వంగాడు. కుర్చీ చేతికి వేలాడుతున్న గొడుగు, ముడిచిన రెక్కలతో, నోరు తెరచిన సంచిలా ఎదురుచూస్తున్నది. వైను అందులోకి జారింది.

"అమ్మో, ఒక్క గుక్కలో లేపేశాడు! అంత నచ్చిందా బావా? ఉండుండు, ఇంకో గిన్నె!" అన్నాడు సిల్వేరియు.

"నీ బావమరిదితనం అక్కడ పెట్టు! ఆయనకి రెండైతే నావీ రెండే," అంటూ వితంతువు ఎర్మెలిందా తన కూజాతో ముందుకు వచ్చింది. "ఆ దగ్గు చూడు పాపం. మా ఎర్రవైను పడితే దెబ్బకి పోతుంది."

న్యాయం కోరి తక్కిన మూడిళ్లవారూ అదే పట్టు పట్టారు. ఎర్ర వైను వచ్చేసరికి, సిరాలాంటి ఆ నలుపూ, గిన్నె అంచున గులాబి నురుగూ చూసి బెలర్మీను గొంతు తనంతట తానే ఒకసారి కదిలింది. పునీత అమారును తలచుకొని దగ్గాడు. అలా ఇంటికి తెల్లవి రెండు, ఎర్రవి రెండు చొప్పున ఇరవై గిన్నెలు గొడుగు పాలయ్యాయి.

అప్పుడు మొదలైంది అసలు గొడవ.

"ఇదేంటి, ఇరవై గిన్నెలు పట్టించి చర్చి గోపురంలా నిలబడ్డాడు? ఎవరో నీళ్లు కలిపారు! నూతి పక్కనే పీపాలు పెట్టుకున్నది ఎవరో చెప్పాలా?" అన్నది ఎర్మెలిందా.

"నోరు జాగ్రత్త! మీ ఆయన బతికున్నప్పుడే మీ పీపాలో కప్పలు అరిచేవి!" అన్నాడు సిల్వేరియు.

మాటా మాటా పెరిగి చొక్కా చేతులు పైకి మడవడం దాకా వచ్చింది. కొట్లాట ఆపడానికి బెలర్మీనుకు ఒకటే దారి తోచింది. కాళ్లు తడబరచి, నాలుక మడతవేసి, దగ్గరున్న పీపాను కౌగిలించుకొని "అత్తయ్యా!" అని పిలిచాడు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా ఆ క్షణాన, పీపాలను దీవించడానికి తెల్లని అంగీలో పాదిరి హిలారియు, ఆయన వెనుక రొట్టెల బుట్టతో ఫెలిష్మీనా లోపలికి వచ్చారు.

బుట్ట నేలపాలైంది. "తాగేశావా!" ఆమె చేయి మోకాలి మీదికి పోయింది. "అయ్యో, పట్టేసింది... మళ్లీ పట్టేసిందిరా తమ్ముడూ!" ముఖం పాలిపోయి బల్లమీద కూలబడింది.

బెలర్మీనుకు గొంతూ గుర్తు లేదు, పరువూ గుర్తు లేదు. "లేదే! చుక్క దిగలేదే! అంతా ఇందులోనే ఉంది, కావాలంటే చూడు!" అంటూ గొడుగు పైకెత్తి ఒక్కసారిగా విప్పాడు.

తెలుపూ ఎరుపూ కలిసిన వాన పాదిరిగారి మీద కురిసింది.

"నేనుతికిన అంగీ!" అని ఫెలిష్మీనా బల్ల దాటి ఒక్క గెంతు గెంతి గొడుగు లాక్కున్నది. "పొద్దున్నేగదయ్యా ఇస్త్రీ చేసిచ్చాను!"

"మరి మోకాలో?" అన్నాడు బెలర్మీను బిక్కుబిక్కుమంటూ.

"ఏ మోకాలు?"

మొక్కు సంగతంతా నలుగురిలో చెప్పక తప్పలేదు. నవ్వులు సద్దుమణిగాక పాదిరిగారు ముఖం తుడుచుకొని, "అంటే, ఇన్నాళ్లకి తీర్పరి ఒళ్లు తెలిసి ఉన్నాడన్నమాట. కానీ నాయనా, తీర్పు చెప్పు," అన్నారు.

బెలర్మీను చెప్పాడు. సిల్వేరియు తెల్లది అమృతమే గాని, ఎర్రదానిలో కడగని పీపా కంపు. ఎర్మెలిందా ద్రాక్ష పండకముందే కోసింది. తక్కిన ముగ్గురిలో ఒకరిది చప్పన, ఒకరిది వగరు, ఒకరిది సగం వెనిగర్. నీళ్లు మాత్రం ఎవరూ కలపలేదు.

"అదేంటి బావా, పన్నెండేళ్లూ మాదే మొదటిదన్నావు! ఎవరికీ చెప్పొద్దని చెవిలో చెప్పావే!" అని సిల్వేరియు నివ్వెరపోయాడు.

"మీదా? నా చెవిలో నాదని చెప్పాడు!" అన్నది ఎర్మెలిందా.

అయిదిళ్లవారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏ ఇంటికా ఇల్లు పన్నెండేళ్లు గుట్టుగా దాచుకున్న గౌరవం గొడుగుతో పాటే విచ్చుకుపోయింది.

మరునాటి ఉదయం చర్చిలో పునీత అమారు పాదాల చెంత అయిదు కొత్త కొవ్వొత్తులు వెలుగుతూ కనిపించాయి. అయిదూ, తీర్పరి గొంతు మళ్లీ తాకట్టు పడకుండా, వచ్చే ఏటికి ఫెలిష్మీనా మోకాలు చల్లగా ఉండాలన్న మొక్కులే.