అరువు పాప

శనివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. దుకాణానికి వెళ్ళాలి, పాపకు మడతపడే స్ట్రోలర్ ఒకటి కొనాలి, భోజనాల వేళకు ఇంటికి వచ్చెయ్యాలి. వచ్చే వారం విదేశానికి ప్రయాణం. వెళ్ళబోయేది కొండమీది పాత ఊరు. వీధుల నిండా రాళ్ళు, రాళ్ళు లేనిచోట మెట్లు. అందుకని విమానంలో నెత్తిమీది అరలో పట్టేంత చిన్నదీ, రాళ్ళమీద పిల్ల ఒళ్ళు హూనం చెయ్యనంత గట్టిదీ కావాలి.

"పిల్లలు బండిలో పెరగరు, ఒళ్ళో పెరుగుతారు," అన్నారు అత్తగారు, పాపను ఒళ్ళోంచి దించకుండానే. ఆవిడ పిల్లల ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ మాటకు ఇంట్లో డాక్టరు చీటీకున్నంత విలువుంది. "పాలు మరవని పిల్లతో ఈ ఊరేగడాలేంటి? టికెట్లు రద్దు చెయ్యండి."

"చెయ్యం," అంది కోడలు.

కోడలు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. చుట్టుపక్కల అందరూ ఆమెను డ్రైవరమ్మ అంటారు. పక్క సీట్లో నేర్చుకునేవాడు బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కినా కేక పెట్టని గుండె ఆమెది. కాని ఎవరైనా 'వద్దు' అన్నారంటే చాలు, ఆమె కాలే యాక్సిలరేటర్ మీదికి వెళ్ళిపోతుంది. పాప పుట్టిన దగ్గర్నుంచి ఇల్లూ స్కూలూ తప్ప మూడో చోటు చూడలేదు. ఈ ప్రయాణం కోసం సెలవులన్నీ పిసినారిలా దాచుకుంది.

"మీరైనా చెప్పండి," అంది భర్తతో.

భర్తది కళ్ళజోళ్ళ దుకాణం. అందరికీ అద్దాలాయన. తల్లి వంక, భార్య వంక చూసి, "నాకు రెండువైపులా స్పష్టంగానే కనిపిస్తోంది," అన్నాడు.

అత్తగారు ఓ మెట్టు దిగారు. "సరే. మెట్లమీంచి దించినా పిల్ల ఉలిక్కిపడని బండి ఉంటే పట్రా. మధ్యాహ్నంలోగా తేలేకపోయావా, ప్రయాణం లేదు."

"తెస్తాను."

కన్నబిడ్డను కూర్చోబెట్టి ఇలాంటి పరీక్షలు చెయ్యడానికి డ్రైవరమ్మకు మనసొప్పలేదు. డ్రైవింగ్ స్కూల్లో ప్రథమ చికిత్స నేర్పడానికి ఓ రబ్బరు పాప ఉంది. నిజం పాపంత బరువు, అంతే మెత్తన, మెడ కూడా అలాగే వాలిపోతుంది; గుండెమీద సరిగ్గా నొక్కితే టిక్కుమంటుంది. భర్తను వెంటబెట్టుకుని బయలుదేరి, దారిలో స్కూలు తాళం తీసి, బీరువాలోంచి దాన్ని బయటికి తెచ్చింది. ఒట్టి రబ్బరు మీద బెల్టు జారిపోతుందని, సంచిలో ఉన్న పసుపు గౌను తొడిగింది. ఆ గౌను అత్తగారు స్వయంగా కుట్టినది.

దుకాణంలో మొదటి బండి చక్రం కీచుమంది. రెండోది తిప్పితే తిరిగింది కాని, తిరిగాక ఆగలేదు. మూడోది నీలం రంగుది; ఎర్రమీట నొక్కితే ఒక్క చేత్తో మడవచ్చంది దుకాణం అమ్మాయి. డ్రైవరమ్మ దాన్ని అటూ ఇటూ తోసి, "దీన్ని రోడ్డుమీద చూడాలి," అంది.

"రోడ్డు మీదా?" అంది దుకాణం అమ్మాయి.

"మరి బండి రోడ్డుమీద నడుస్తుందా, మీ తివాచీ మీద నడుస్తుందా?"

ఆ అమ్మాయి తలుపు తీసి పట్టుకుంది. దుకాణం పక్కనే బ్యాంకు, బ్యాంకు ముందు పొడుగాటి మెట్లు. డ్రైవరమ్మ పాపను బెల్టుతో బిగించింది. బండిని పైకి లాక్కెళ్ళింది. అక్కణ్ణుంచి దడదడమని కిందికి పరుగెత్తింది. కిందకొచ్చి ఒక్కసారిగా బ్రేకు వేసింది. పాప తల ముందుకి వాలి, వెనక్కి పడింది.

"భేష్!" అంటూ మళ్ళీ పైకి బయలుదేరింది.

చేతికర్రతో ఓ పెద్దాయన అడ్డం వచ్చాడు. "ఏమ్మా, నువ్వసలు తల్లివేనా?"

అది రబ్బరు బొమ్మండీ అని ఒక్క ముక్క అంటే కథ అక్కడితో కంచికి పోయేది. కాని ఆయన అడిగిన తీరు ఆమెకు నచ్చలేదు. అడిగే పద్ధతిలో అడిగినవాళ్ళకే ఆమె జవాబు చెబుతుంది.

"కాదు, డ్రైవింగ్ టీచర్ని," అని, పక్కకి తప్పుకుని, ఈసారి ఒక చక్రం గాల్లో ఉండేలా దించింది.

జనం మూగారు. ఎవరో ఫోటో తీశారు. ఆ ఫోటో చేతులు మారి, అపార్ట్‌మెంట్ గ్రూపులోంచి అత్తగారి ఫోనులో దిగింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, ఫోటో పెద్దది చేసి చూశారు. పిల్ల తన ఒళ్ళోనే ఉంది. తను కుట్టిన గౌను వీధిలో ఉంది. మరి గౌనులో ఉన్నదెవరు?

కోడలికి ఫోను చేస్తే ఎత్తలేదు. కొడుక్కి చేస్తే ఎత్తాడు.

"ఆ పిల్లెవర్రా?"

చుట్టూ గోల, పైగా భార్య అప్పుడే పైమెట్టు మీంచి బయలుదేరింది. "అరువు తెచ్చామమ్మా, సోమవారం ఇచ్చేస్తాం!" అని పెట్టేశాడు.

అత్తగారు పాపను చంకనేసుకుని టాక్సీ ఎక్కారు.

ఈలోగా మెట్ల దగ్గరికి ఓ కానిస్టేబుల్ కూడా వచ్చాడు. "ఏంటి మేడమ్ ఇది? పసిపిల్లతో ఆటలా?"

"బండి కొనేముందు నడిపి చూడకూడదని చట్టముందా?" అంది డ్రైవరమ్మ, నడుం మీద చేతులేసుకుని.

పరిస్థితి చక్కబెడదామని అద్దాలాయన ముందుకొచ్చాడు. "కంగారు పడకండి సార్, అది మా పాప కాదు."

"వాళ్ళ పాప కాదంట!" అని వెనకవాళ్ళకు అందించారు ముందున్నవాళ్ళు.

"మరెక్కడిది?" కానిస్టేబుల్ గొంతు మారిపోయింది.

"స్కూల్లో బీరువాలో ఉంటుంది సార్. అప్పుడప్పుడూ ఇలా బయటికి తీస్తుంటాం."

"బీరువాలోనా! ఊపిరాడుతోందా దానికి?"

"మనం ఊదితే ఆడుతుంది సార్."

జనం ఒక్కపెట్టున మీదికొచ్చారు. వెనక్కి తగ్గుతూ ఆసరాకోసం బండిని పట్టుకున్న అద్దాలాయన చెయ్యి ఎర్రమీట మీద పడింది. ఒక్క చేత్తో మడవచ్చని దుకాణం అమ్మాయి ఊరికే చెప్పలేదు. బండి లటుక్కున మూసుకుపోయింది. పాపతో సహా. బయట మిగిలింది ఒక చిన్న కాలు, అంగుళం పసుపు గౌను.

ఎవరో కెవ్వుమన్నారు. పెద్దాయన చేతికర్ర వదిలేసి మెట్లమీద కూలబడ్డాడు. "బొమ్మ! అది బొమ్మ!" అని డ్రైవరమ్మ ఇప్పుడు అరిచింది కాని, వినే చెవి ఒక్కటీ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే టాక్సీ ఆగింది. దిగీ దిగగానే ఆవిడకు కనిపించింది మడతలోంచి వేలాడుతున్న కాలు. ఆ క్షణాన ఆవిడ అత్తగారు కాదు, డ్యూటీలో ఉన్న నర్సు. చంకలోని పాపను, "దీన్ని పట్టుకోండి," అని పెద్దాయన చేతుల్లో పెట్టి, బండిని మోకాలితో అదిమి, రెండు చేతులతో విప్పేశారు. రబ్బరు పాపను నేలమీద పరుండబెట్టి రెండు వేళ్ళతో గుండెమీద నొక్కడం మొదలెట్టారు.

"అత్తయ్యా, అది..."

"నోర్ముయ్! నాకు లెక్క తప్పుతుంది!"

పాప 'టిక్కు' మంది. ఆవిడ మళ్ళీ నొక్కారు. మళ్ళీ 'టిక్కు'.

"బతికింది!" అన్నారు జనంలోంచి. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

అత్తగారి వేళ్ళు ఆగిపోయాయి. ఆస్పత్రిలో ఎందరో పిల్లల్ని చూశారావిడ. టిక్కుమన్న పిల్ల ఒక్కతీ లేదు. వంగి మొహంలోకి చూశారు. మెడ వెనక చూశారు. 'నీళ్ళతో కడగవచ్చు' అని రాసుంది.

ముందున్నవాళ్ళూ అది చదివారు. ఆ తర్వాత ఎక్కడో ఒక నవ్వు, దాని వెనక ఇంకొకటి. డ్రైవరమ్మ కళ్ళు మూసుకుంది. ఇక ప్రయాణం అయిపోయినట్టే. ఇంతమందిలో అత్తగారి పరువు తీసిన కోడలికి సెలవులేంటి!

అత్తగారు లేచి చీర దులుపుకున్నారు.

"ఏం, నవ్వొస్తోందా?" అన్నారు, జనం వైపు తిరిగి. "ఫోటోలు తీయడానికి లేచిన చేతులు, పిల్లని తీయడానికి ఒక్కటైనా లేచిందా? బొమ్మని నాకు తెలీదు. మీకూ తెలీదుగా! మరి నిలబడి చూశారేం?"

నవ్వులు ఆగిపోయాయి. కానిస్టేబుల్ టోపీ సర్దుకున్నాడు.

"మెట్లమీంచి దించి చూడమన్నది నేనే. మా కోడలు పిల్లని దొర్లించినా దానికో కారణం ఉంటుంది. మధ్యలో మీ పెత్తనమేంటి? దారివ్వండి!"

జనం దారిచ్చారు. డ్రైవరమ్మ అత్తగారి మొహం వైపు కొత్తగా చూసింది. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆవిడ తన పక్కన నిలబడగా చూడటం ఇదే మొదలు. ఏదైనా మంచిమాట అందామనుకుంది కాని, అలవాటు లేక రాలేదు. రబ్బరు పాప గౌను సరిచేసి ఊరుకుంది.

"చూశారా," అన్నాడు అద్దాలాయన, బండిని నాలుగువైపులా తిప్పి. "ఇంత జరిగినా గీత కూడా పడలేదు."

నిజమే. చక్రం వంగలేదు, బెల్టు తెగలేదు. ఆ సంగతి చూసింది వాళ్ళొక్కరే కాదు. పెద్దాయన పాపను అపురూపంగా తల్లి చేతికిచ్చి, "మన్నించమ్మా," అని గబగబా దుకాణంలోకి వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగానే బయటికొచ్చి నీలం బండి పిడి పట్టుకున్నాడు.

"మా మనవడికి," అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. "ఇంత గట్టి పరీక్ష నెగ్గిన బండి మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?"

"ఇంకోటి తీసుకురామ్మా," అంది డ్రైవరమ్మ.

దుకాణం అమ్మాయి తల దించుకుంది. "అదే ఆఖరిదండీ. మీరు రోడ్డుమీదున్నప్పుడే మిగతావి అమ్ముడుపోయాయి."

పెద్దాయన బండిని తోసుకుంటూ మలుపు తిరిగిపోయాడు. అద్దాలాయన గొంతు సవరించుకున్నాడు. "అంటే ఇక... టికెట్లు..."

"బండి లేకపోతే మానె. చంకనేసుకునైనా సరే, వెళ్తాం," అంది డ్రైవరమ్మ.

"వెళ్తాం కాదు," అన్నారు అత్తగారు, మనవరాల్ని మళ్ళీ చంకలోకి లాక్కుంటూ. "వెళ్దాం."

ఆ మధ్యాహ్నమే అద్దాలాయన ఇంకో టికెట్టు కొన్నాడు. ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు.